స్క్రీన్ మూల నిలబడ్డ హెచ్‌డీ గారికి

మహారాజశ్రీ హెచ్‌డీ గారి దివ్యసముఖమునకు,

నెలనెలా చందా కట్టే ప్రేక్షకులు నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. మీరూ క్షేమమేనని తెలుస్తూనే ఉంది. ఛానల్ లోగో పక్కన ‘హై డెఫినిషన్’, అంటే ఎక్కువ స్పష్టత అన్న బిరుదుతో, అంచులు చెక్కినట్టు, తెర మొత్తమ్మీద స్పష్టంగా కనిపించేది మీరొక్కరే కదా! మిగతా బొమ్మ గురించే ఈ ఉత్తరం.

క్రికెట్ మ్యాచ్‌నే తీసుకోండి. బౌలర్ పరుగు మొదలెట్టేదాకా గడ్డి పరకా పరకా లెక్కపెట్టుకోవచ్చు. బంతి బౌండరీకి దూసుకెళ్తుంది, కెమెరా దాని వెంట తిరుగుతుంది, గడ్డి కాస్తా పచ్చరంగు పూసిన గోడైపోతుంది. కెమెరా ఆగిన అరక్షణానికి పరకలు మళ్లీ మొలుస్తాయి. ఇంత త్వరగా మొలిపించే ఎరువు ఏ రైతు దగ్గరా లేదు.

కిటుకు మాకు తెలుసులెండి. మీ బిరుదు పిక్సెళ్ల, అంటే బొమ్మని కూర్చే చిన్న చిన్న గళ్ల లెక్క చూసి ఇచ్చింది: అడ్డం 1920, నిలువు 1080, మొత్తం 20,73,600. ఆ లెక్కలో మీరు తప్పరు. ఆ గళ్లు నింపడానికి సెకనుకి ఎన్ని మెగాబిట్ల సమాచారం విదిలిస్తారో మాత్రం బిరుదులోనూ లేదు, బిల్లులోనూ లేదు. కదలని చోట పాత ఫ్రేములోదే మళ్లీ వాడేస్తారు కాబట్టి ఖర్చు తక్కువ. మూలన కదలకుండా నిలబడ్డ మీరు నిగనిగలాడేది అందుకే. గడ్డి, వాన, అలలు, గాల్లో ఎగిరే రంగు కాగితాలు వచ్చాయంటే బిట్లు చాలవు. బొమ్మని కుదించి పంపే ఎన్‌కోడర్ ముందుగా సన్నని వివరాల మీదే వేటు వేస్తుంది. పైగా ఉపగ్రహంలో సిగ్నల్ అందుకుని కిందికి పంపే ఒకే ట్రాన్స్‌పాండర్ మీద పక్క ఛానళ్లూ సర్దుకు కూర్చుంటాయి, ఎవరి వాటా ఎంతన్నది క్షణక్షణం మారుతుంటుంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. చందా మాత్రం చిక్కగానే ఉంటుంది.

ఆ 1080 గీతలైనా చాలాచోట్ల ఒక్కసారిగా రావు. 1080ఐ అంటే ఈసారి బేసి గీతలు 540, వచ్చేసారి సరి గీతలు 540. రెంటినీ కుట్టే పని టీవీది. కుట్టు సరిగా పడకపోతే పరుగెత్తే మనిషి అంచున దువ్వెన పళ్లు మొలుస్తాయి. ఇక ఎప్పుడో 576 గీతల్లో తీసిన సీరియల్‌ని సాగదీసి, పక్కన మిమ్మల్ని నిలబెట్టడం గురించి చెప్పేదేముంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఫిర్యాదు చేస్తే డిష్ తిప్పమంటారు మీవాళ్లు. ఇదొక్కటీ నచ్చదు. గళ్లుగళ్లుగా విరిగి, బొమ్మ నిలిచిపోయి, మాట కూడా తెగుతుంటే అది సిగ్నల్ జబ్బు. బాక్సు మెనూలో స్ట్రెంత్ కాదు, క్వాలిటీ గీత చూడాలి. డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ దగ్గర, కేబుల్ బిగించే ఎఫ్ కనెక్టర్ విప్పితే చాలాసార్లు నీరు దిగి రాగితీగ నల్లబడో, పచ్చబడో ఉంటుంది. పాడైన మేర కోసేసి కొత్త కనెక్టర్ వేస్తే తీరుతుంది. అలా కాకుండా మాట శుభ్రంగా వినిపిస్తూ, కదలికలో మాత్రమే బొమ్మ అలుక్కుపోతుంటే అది మీరు పంపిన సరుకే. డిష్‌ని ఎన్ని ప్రదక్షిణలు చేయించినా పరక కూడా మొలవదు. డిజిటల్‌లో సిగ్నల్ సరిపోయాక ఇంకా పెంచితే వచ్చే అందం ఏమీ లేదు.

మా తప్పులూ ఒప్పుకుంటాం. హెచ్‌డీకి డబ్బు కట్టి, బాక్సుకీ టీవీకీ మధ్య ఎరుపు-తెలుపు-పసుపు తీగలు పెట్టుకున్న ఇళ్లున్నాయి. ఆ పసుపు తీగలోంచి హెచ్‌డీ రానే రాదు, హెచ్‌డీఎంఐ పెట్టాల్సిందే. షార్ప్‌నెస్ చివరిదాకా పెంచి, ముఖాల చుట్టూ తెల్లగీత తెప్పించుకుని, అదే స్పష్టత అనుకునేదీ మేమే. అది దాదాపు అడుగుకి దించి, రంగులు దట్టించే వివిడ్ మోడ్ తీసి సినిమా మోడ్ పెట్టి, అంచులు కోసేసే ఓవర్‌స్కాన్ ఆపితే పైసా ఖర్చు లేకుండా సగం రోగం కుదురుతుంది.

4కే టీవీ కొన్నవాళ్ల సంగతి మరీ జాలి. దాని గళ్లు 82,94,400. మామూలు స్పష్టత, అంటే ఎస్‌డీ ఛానల్ పంపేది 720×576, అంటే 4,14,720. అచ్చంగా ఇరవయ్యో వంతు. వచ్చింది ఒక్క చుక్క, తక్కిన 19 టీవీ ఊహించుకున్నవే.

కాబట్టి ఒక పరీక్ష పెట్టబోతున్నాం. రోజూ కూర్చునే చోటే కూర్చుని కళ్లు మూసుకుంటాం. ఇంట్లో ఇంకొకరు అదే ఛానల్ ఎస్‌డీయో, హెచ్‌డీయో పెట్టి, మీరూ, లోగో కూడా కనిపించకుండా తెర మూలకి కాగితం అంటిస్తారు. కళ్లు తెరిచి ఏదో చెప్పాలి, పదిసార్లు. 43 అంగుళాల తెరకి 3 మీటర్ల పైన కూర్చుంటే 576 గీతలకీ 1080 గీతలకీ తేడా పట్టడం మామూలు కంటికి కష్టమే; మీటరున్నర దగ్గరికి జరిగితే ఇట్టే తెలియాలి, నిజంగా తేడా పంపుతుంటే. పదింట అయిదారు మించి చెప్పలేకపోయిన ఛానళ్లకి వచ్చే నెల నుంచి మీ సేవలు అక్కర్లేదు. ఒకే ఛానల్‌కి రెండు రూపాలకీ కడుతున్నామేమో కూడా బిల్లులో చూసుకుంటాం.

అందాకా మీరు మాత్రం ఆ మూల నుంచి కదలకండి. కదిలితే మీరూ గడ్డిలాగే అలుక్కుపోతారు.

ఇట్లు,
తమ చందాదారులు