చెరిపినట్టు నటించే క్లయింటు గారికి

లెక్కల భాండారాన్ని కీబోర్డు కమాండ్లతో అడిగి జవాబు తెచ్చే మహారాజశ్రీ డేటాబేసు కమాండ్‌లైన్ క్లయింటు గారి సముఖానికి, చిత్తూరు నుంచి తమ పాత సేవకుడు నమస్కరించి వ్రాయు ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం కాదు. హైదరాబాదు సర్వరులో, చల్లని గదిలో, తమరు క్షేమంగానే ఉంటారని తలుస్తాను.

నిన్న శనివారం ఒంటి గంటకు భోజనానికి ఇల్లు చేరవలసిన వాణ్ని నాలుగున్నరకు చేరాను. సంగటి ముద్ద రాయిలా బిగుసుకుపోయి ఉంది. పాల బిల్లుల జాబితాలో గుడిపాల పాల సేకరణ కేంద్రం లేదు. రైతులు ఫోను మీద ఫోను చేస్తుండగా, ఆ పేరుతో వెతకమని తమరిని వేడుకుంటే, వరుసలేవీ లేవని సెలవిచ్చారు. సరే, కేంద్రాలన్నీ చూపమంటే, వాటి నడుమ గుడిపాల అక్షరం పొల్లుపోకుండా కూర్చుని ఉంది. మళ్లీ పేరుతో అడిగితే మళ్లీ లేదన్నారు. పేరు చివర ఖాళీలున్నాయేమోనని కత్తిరించి చూశాను, పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా ఏమోనని మార్చి చూశాను, వెతుకులాటకు వాడే సూచికను, అదే ఇండెక్సును అనుమానించాను, చివరికి నా కళ్లనే అనుమానించాను. మూడు దాటాక గానీ పేరు పొడవు అడగాలన్న బుద్ధి పుట్టలేదు. ఇంగ్లీషులో గుడిపాలకు 8 అక్షరాలు. తమరు 10 అన్నారు.

ఒక్కొక్క అక్షరం కోడు, అంటే కంప్యూటరు దానికి వాడే అంకె, విప్పించి చూస్తే, ‘ఎల్’కు చెందిన 76కు ముందు ఒక 75, ఒక 8 నక్కి ఉన్నాయి. 75 అంటే ‘కే’. 8 అంటే బ్యాక్‌స్పేస్. గురువారం ఆ పేరు ఎక్కిస్తున్నప్పుడు నా వేలు జారి ‘ఎల్’ పక్కనున్న ‘కే’ మీద పడింది, బ్యాక్‌స్పేస్ నొక్కాను, కర్సర్ బుద్ధిగా ఒకడుగు వెనక్కి వేసింది, ‘కే’ మీద ‘ఎల్’ కూర్చుంది. చెరిగిందని నేను నమ్మాను. తమరు నా తప్పునూ, దాన్ని దిద్దుకోవడానికి నేను చేసిన ప్రయత్నాన్నీ కూడా పట్టికలో భద్రపరిచారు. ఆపైన ఆ పేరు తెరమీదకు వచ్చిన ప్రతిసారీ, ఆ 8 కర్సర్‌ను వెనక్కి లాగడం, ‘కే’ను ‘ఎల్’ కప్పేయడం, నేను మోసపోవడం.

తమరి తరఫు వాదన నాకు తెలియనిది కాదు. చెరిపే పని తమది కాదు, టెర్మినల్‌ది, అంటే తెర, కీబోర్డుల వ్యవస్థది. అవతలి పాత యూనిక్స్ యంత్రం చెరుపుడు గుర్తుగా 127 కోసం ఎదురుచూస్తుంటే, రెండు సర్వర్లు దాటి వచ్చిన నా కీ 8 పంపింది. కాగితపు టేపుల కాలంలో తప్పు పడిన చోట ఏడు చిల్లులూ పొడిచేస్తే అది 127, అంటే రద్దు. 8కి అర్థం టైపు మిషనులో లాగా ఒకడుగు వెనక్కి జరగమనడమే తప్ప చెరపమని కాదు. 1983 నాటి వీటీ220 టెర్మినల్‌లోని చెరుపుడు కీ 127నే పంపేది. చరిత్ర బాగుంది. కానీ అదే తెరమీద, అదే కీ ఏది పంపినా, మామూలు కమాండ్లు తీసుకునే షెల్ అర్థం చేసుకుని చెరుపుతుంది. తమరి గడప దాటగానే ఎందుకు చెరపదు?

పై బాణం నొక్కితే పాత కమాండు రాదు. కర్సర్ మాత్రం అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కే మొక్కున్నట్టు పైపైకి పోతుంది. కంట్రోల్‌తో ‘ఎస్’ తగిలితే తెర బిగుసుకుపోతుంది, ‘క్యూ’ కొట్టేదాకా ఉలకదు. సెలవు తీసుకుంటానంటే అడగకుండా కమిట్ చేస్తారు, అంటే మార్పులన్నీ ఖాయం చేస్తారు, లైను తెగితే అంతా వెనక్కి తీసుకుంటారు. ఇవన్నీ భరించాను.

కానీ చెరపలేనివాడివి చెరపలేనని చెప్పవయ్యా! ఆ 8కి బదులు తెరమీద టోపీ గుర్తు పెట్టి ఒక ‘హెచ్’ వేసినా నాకు అర్థమయ్యేది కదా! చెరిపినట్టు నటించి, పదిహేను రోజులు పాలు పోసిన వాళ్ల డబ్బు ఆపి, ‘లేదు’ అని నా మొహాన అబద్ధం చెబుతావా? (పేరు తప్పితే బిల్లే రాకుండా, లారీ లెక్కలను ఊరి పేరుతో సరిపోల్చే ఏర్పాటు చేసిన మహానుభావుడికి వేరే ఉత్తరం వ్రాస్తాను.)

కేంద్రం నంబరు పట్టుకుని పేరు దిద్దాను. చెరుపుడు కీ ఏదో యంత్రానికి చెప్పే ‘ఎస్‌టీటీవై ఎరేజ్’ అనే ఒక వరుస లాగిన్ ఫైలులో చేర్చాను. నీకు తోడుగా, వరుస దిద్దడానికీ పాత కమాండ్లు తేవడానికీ సాయపడే ఆర్‌ఎల్‌వ్రాప్‌ను కూడా కూర్చోబెట్టాను. బాణాలు ఇప్పుడు మనుషుల్లా ప్రవర్తిస్తున్నాయి. గుడిపాల బిల్లులు సాయంత్రానికి వెళ్లాయి.

తర్వాత పలమనేరు పేరు పొడవు కూడా అడిగాను. 9 అన్నావు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. 9యే.

ఇట్లు,
రాయైన సంగటి తిన్నవాడు