అరిగిన వేలు, పదమూడడుగుల గోడ

మనిషి ఎదురుగా నిలబడ్డంత మాత్రాన ఉన్నట్టు కాదు. ఈ వేదాంతం నాకు ఉపనిషత్తుల్లో దొరకలేదు, మా వీధి చివర రేషన్ షాపులో దొరికింది. డెబ్బై దాటిన ఓ మామ్మ మిషన్ మీద బొటనవేలు పెట్టింది. పడలేదు. చూపుడువేలు పెట్టింది. అదీ పడలేదు. "కొంగుకి తుడిచి గట్టిగా నొక్కు మామ్మా" అన్నాడు డీలరు. నాట్లేసీ, అంట్లు తోమీ గీతలన్నీ అరిగిపోయిన చెయ్యి అది. "నేనేరా అబ్బాయ్, మీ నాన్న పెళ్లికి వడియాలు పెట్టినదాన్ని" అంది. అతను కాదనలేదు. "నాకు తెలుసు మామ్మా, మిషన్‌కి తెలియాలిగా!"

న్యాయమే. వడియాలు పెట్టిందని బియ్యం కొలిచేస్తే దేశభద్రత ఏం కాను?

మిషన్ అడిగే ఈ ఆధార్ కార్డు మీద మన పార్టీలకు భేదాభిప్రాయాలున్నాయని కొందరి అపోహ. మారేది కుర్చీలే. కార్గిల్ తర్వాత వాజ్‌పేయి ప్రభుత్వం 2003లో పౌరసత్వ చట్టాన్ని సవరించి జాతీయ గుర్తింపు కార్డుకు చోటు పెట్టింది. 2009లో మన్మోహన్ ప్రభుత్వం ఇన్ఫోసిస్ నందన్ నీలేకనిని పిలిచి పన్నెండంకెల పని అప్పగించింది. 2011లో బీజేపీ నేత యశ్వంత్ సిన్హా నడిపిన పార్లమెంటు స్థాయీ సంఘం ఆ పనికి తెచ్చిన బిల్లు పనికిరాదని తిప్పికొట్టింది. 2014 ఎన్నికల ప్రచారంలో ఆధార్‌ను దుమ్మెత్తిపోసిన పార్టీయే 2016లో దాన్ని మనీ బిల్లు (రాజ్యసభ ఆపలేని రకం) చేసి, రాజ్యసభ సవరణలను పక్కన పెట్టి గట్టెక్కించింది. అదేం మనీ బిల్లంటూ కాంగ్రెస్ నుంచి జైరాం రమేశ్ కోర్టుకెక్కారు. కన్నతల్లికి అనుమానం, సవతితల్లికి మురిపెం!

కనుక నాదో సవినయ మనవి. పార్టీల అభిప్రాయాలకూ ఆధార్ లింకు పెట్టాలి. కుర్చీ మారగానే ఓటీపీ రావాలి, అది చెబితేనే మైకు పలకాలి. "మీ మాట పాతదానితో సరిపోలలేదు" అని వస్తే నాయకుడు వేలు కండువాకి తుడుచుకుని మళ్లీ నొక్కాలి. ఏ కండువాకి అన్నది ఆయన ఇష్టం.

వివరాల భద్రత గురించి నాకు బెంగ లేదు. అవి 13 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం ఉన్న గోడల వెనక ఉన్నాయని 2018లో అటార్నీ జనరల్ వేణుగోపాల్ సాక్షాత్తూ సుప్రీంకోర్టుకే చెప్పారు. కంప్యూటర్ దొంగకి అంత నిచ్చెన ఎక్కడ దొరుకుతుంది, పాపం! మొన్న మిరపకాయ బజ్జీల పొట్లం విప్పితే ఎవరిదో ఆధార్ జిరాక్సు. ముఖం ఆనవాలు పట్టేలా లేదు (ఒరిజినల్లోనూ అంతేననుకోండి), అంకెలు మాత్రం పన్నెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఆ గోడ బజ్జీల బండి దాకా వచ్చినట్టు లేదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా తేల్చారు. బ్యాంకు ఖాతాకీ సిమ్ముకీ ఆధార్ తప్పనిసరి కాదని మరుసటేడు తీర్పొచ్చింది. కౌంటర్లో కుర్రాడికీ ఆ సంగతి తెలుసు. "తప్పనిసరి కాదండీ, జిరాక్సు ఇచ్చి వెళ్లండి" అంటాడు.

ఇంత చేసీ ఇది పౌరసత్వానికి రుజువు కాదట, చట్టంలోనే ఉంది. 2025లో బిహార్ ఓటర్ల జాబితా సవరణకి ఎన్నికల సంఘం అడిగిన పదకొండు పత్రాల్లో దీనికి చోటే లేదు. సుప్రీంకోర్టు చెప్పాక పన్నెండోదిగా వచ్చి చేరింది, అదీ గుర్తింపుకి మాత్రమే.

అన్నట్టు, మామ్మకి బియ్యం అందాయి. ఎడమచేతి చిటికెనవేలు పడింది. జన్మలో ఏ పనీ చెయ్యని వేలు అదొక్కటేనట.