కణం ఆకారం నిలబెట్టడమే సైటోస్కెలిటన్ పని కాదు
కణం ఏమవ్వాలో జన్యువులే తేలుస్తాయి, కణం లోపలి ప్రోటీన్ తీగల చట్రమైన సైటోస్కెలిటన్ ఆకారాన్ని పట్టి ఉంచుతుందంతే అన్న మాటతో నేను ఏకీభవించలేను. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాకా నాలుగు జన్యువులతో ఎలుక బంధన కణజాలంలోని ఫైబ్రోబ్లాస్ట్‌లను ఏ కణంగానైనా మారగల మూలకణాల స్థితికి మళ్లించిన మాట నిజమే. కానీ అదే ఏడాది శాస్త్రవేత్తలు ఎంగ్లర్, డిషర్ బృందం ఎముక మజ్జ నుంచి తీసిన మూలకణాలను రకరకాల గట్టిదనం ఉన్న జెల్‌ల మీద పెంచింది. మెదడంత మెత్తగా ఉన్నచోట అవి నాడీకణాల పోలికకు వచ్చాయి, కండరమంత బిగువున్నచోట కండరం వైపు, ఇంకా గట్టిచోట ఎముక వైపు మళ్లాయి. కణం లోపలి తీగలను లాగే మయోసిన్ అనే ప్రోటీన్ పనిని మందుతో ఆపేస్తే ఆ తేడాలన్నీ పోయాయి. అంటే కణం తన సైటోస్కెలిటన్‌లోని ఆక్టిన్ తాళ్లతో కింది నేలను లాగి చూసుకుంటోందన్నమాట! ఆ లాగుడు కేంద్రకం దాకా వెళ్తుంది, ఏ జన్యువు పలకాలో అక్కడ మారుతుంది. నేను కొన్నేళ్లు ల్యాబ్‌లో కణాలు పెంచాను. యమనాకా చేసినట్టు కణాలను మూలకణాలుగా మళ్లించే రీప్రోగ్రామింగ్ డిష్‌ను రోజూ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, కండెల్లా బారుగా సాగి ఉన్న ఫైబ్రోబ్లాస్ట్‌ల మధ్య కొన్ని కురచబడి, ఒకదానికొకటి అతుక్కుని, అంచు తేటగా కనిపించే చిన్న గుంపులవుతాయి. పూర్తి మూలకణాలు కావడానికి చాలా ముందే ఆకారం మారిపోతుంది. పైగా మనం వాడే ప్లాస్టిక్ డిష్ మెదడు కన్నా లక్షల రెట్లు గట్టిది. ఆ నేల మీద వచ్చిన ఫలితాలను చూసి అంతా జన్యువుల మహిమే అనడం తొందరపాటు.