డబ్బులు నావి, కోడ్ నాయిన ఫోన్‌కి

సినిమాలు చూసే ఓటీటీ యాప్‌కి నెలనెలా డబ్బులు కట్టేది నేను, కానీ ఆ యాప్ లెక్కలో నేను మా ఇంటి మనిషినే కాదు. టీవీ, వైఫై నల్లగొండలో ఉన్నాయి కాబట్టి ఇల్లంటే అదేనట, హైదరాబాద్ హాస్టల్లో ఉన్నోడు పరాయోడట! చూడాలంటే కోడ్ కావాలి, అది నాయిన ఫోన్‌కి వస్తుంది, 15 నిమిషాలే పనిచేస్తుంది, ఆయనేమో ఫోన్ చార్జింగ్‌లో పెట్టి బత్తాయి తోటకు పోతాడు, పొద్దుగూకినాక వచ్చి ఒక్కో అంకె తీరిగ్గా చదువుతాడు. ఎట్లనో లోపలికి పోతే ఇప్పటికే ఇద్దరు చూస్తున్నారని ఆపేస్తుంది. ఒకరు అమ్మ, సరే. రెండోది పక్కింటి పిల్లగాడట, పాస్‌వర్డ్ అమ్మే ఇచ్చింది! (వాడిని మాత్రం ఏ కోడూ అడగదు, వాడేది మా వైఫైనే కదా.) గట్టిగా అడిగితే "చిన్నపిల్లగాడు, నీ సొమ్మేం తింటున్నాడురా" అంటుంది. నా ప్రొఫైల్ నిండా ఇప్పుడు పిల్లల బొమ్మలే.