పవర్ బ్యాంకులు పంచే మేనేజర్లకు

ఫీల్డ్ స్టాఫ్ ఫోన్లలో ఛార్జింగ్ నిలవడం లేదని ఫిర్యాదు వస్తే కంపెనీలు ముందు చేసే పని పవర్ బ్యాంకులు కొని పంచడం. ఆ కొటేషన్లు తెప్పించే టైములో ఆఫీసులో ఒక్క మనిషి కూర్చుని, ఫోన్లను నడిపే పాలసీ పేజీ తెరిచి చూస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. కానీ చూడరు. పవర్ బ్యాంకులు ఇస్తే మీటింగులో ఫోటో దిగొచ్చు, సెట్టింగ్ మారిస్తే ఏం ఫోటో దిగుతారు?

నేను ఒక మందుల కంపెనీలో రెప్‌ల, అంటే డాక్టర్లని కలిసి మందుల గురించి చెప్పే ఫీల్డ్ స్టాఫ్ ఫోన్లు చూసుకునే పనిలో ఉన్నాను. ఫోన్ కంపెనీది, సిమ్ కంపెనీది. అందులో ఏ యాప్ ఉండాలో, ఏ సెట్టింగ్‌కి తాళం పడాలో ఆఫీసే నిర్ణయిస్తుంది. రెప్ చేతిలో ఉండేది ఛార్జర్ ఒక్కటే. అయినా మధ్యాహ్నం రెండింటికి ఫోన్ ఆగిపోతే ఏఎస్ఎం (ఏరియా సేల్స్ మేనేజర్) అడిగే మొదటి మాట, "యూట్యూబ్ చూస్తున్నావా ఏంటి?" యూట్యూబ్‌ని మనమే బ్లాక్ చేశాం కదా సార్!

రెప్‌ల వైపు కూడా ఒక అపోహ ఉంది. "ఆ ఎండీఎం పెట్టిన దగ్గర్నుంచే ఛార్జింగ్ పోతోంది" అంటారు. ఎండీఎం అంటే ఫోన్‌ని ఆఫీసు నుంచి మేనేజ్ చేసే సాఫ్ట్‌వేర్, అది మామూలుగా అంత తినదు. ఐఫోన్‌లో అయితే యాపిల్ పుష్ సర్వీస్ ద్వారా ఒక పిలుపు వస్తుంది, ఫోన్ సర్వర్‌తో మాట్లాడి, చెప్పిన పని చేసి ఊరుకుంటుంది. ఆండ్రాయిడ్‌లోనూ దాదాపు అంతే. తినేది ఆ సాఫ్ట్‌వేర్ కాదు, దాని ద్వారా మనం ఫోన్‌లోకి నెట్టిన యాప్‌లూ, పెట్టిన రూల్సూ.

గుంటూరు కేంద్రంగా తిరిగే కుర్రాడు ఒకడు ఫోన్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. బ్యాటరీ వాడకం పేజీ తెరిచాం. అన్నిటికన్నా పైన ఉన్నది వాట్సాప్ కాదు, కాల్స్ కాదు, లొకేషన్ ట్రాకింగ్ యాప్. దాని కింద చిన్న అక్షరాల్లో, స్క్రీన్ మీద ఒక నిమిషం లోపు, బ్యాక్‌గ్రౌండ్‌లో తొమ్మిది గంటల పైచిలుకు అని ఉంది. "సార్, దీన్ని నేను తెరవనే తెరవను" అన్నాడు. నువ్వు తెరవక్కర్లేదు నాయనా, అది ఎటూ నిద్రపోదు.

ఆ యాప్‌లో పెట్టిన గడువు 15 సెకన్లు. అంటే గంటకు 240 సార్లు, పది గంటల డ్యూటీకి 2,400 సార్లు ఆ ఫోన్ "నేనిక్కడున్నా" అని చెప్పాలి. రెప్ రోజుకి కలిసేది పది పన్నెండు మంది డాక్టర్లని. అందులో సగం టైము ఓపీ బయట బెంచీ మీద కూర్చునే ఉంటాడు. కదలని మనిషి ఎక్కడున్నాడో పావు నిమిషానికోసారి తెలుసుకుని ఆఫీసు ఏం చేసుకుంటుంది? ఆ మ్యాపుని రోజూ తెరిచి చూసే మేనేజర్ ఎవరైనా ఉంటే చూపించండి.

బ్యాటరీ అంతా జీపీఎస్సే తాగేస్తుందని చాలామంది అనుకుంటారు. జీపీఎస్ కొంత తింటుంది, నిజమే. కానీ అసలు కథ టవర్‌తో మాట్లాడే మోడెమ్‌ది. ఫోన్ చిన్న ముక్క డేటా పంపినా, పంపగానే మోడెమ్ పడుకోదు. ఇంకేమైనా వస్తుందేమో అని కొన్ని సెకన్ల పాటు ఎక్కువ పవర్‌లోనే మెలకువగా ఉంటుంది. ఆ కునుకు పట్టేలోపే పదిహేనో సెకను వచ్చేస్తుంది, మళ్లీ లేస్తుంది. మూటెడు బట్టలు ఒకేసారి రేవుకి పట్టుకెళ్లకుండా ఒక్కో రుమాలు పట్టుకుని పొద్దస్తమానం తిరిగినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. అవే లొకేషన్లు ఫోన్‌లోనే దాచి అరగంటకోసారి కట్టగా పంపినా మ్యాపులో గీత అదే వస్తుంది. సిగ్నల్ సరిగా లేని పల్లెల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే దూరంగా ఉన్న టవర్‌ని అందుకోవడానికి మోడెమ్ ఇంకా గట్టిగా అరవాలి. మనిషి కదిలినప్పుడే లొకేషన్ తీసుకో, పాయింట్లు కూడబెట్టి పంపు అనే ఆప్షన్లు ఇలాంటి యాప్‌లు చాలావాటిలో ఉంటాయి. మేము వాడే దాంట్లోనూ ఉన్నాయి, అడ్వాన్స్‌డ్ అనే మెనూ లోపల ఎవరూ వెళ్లని మూలలో.

ఇక అందరూ చేసే ఘనకార్యం ఒకటుంది. ఫోన్ ఊరికే పడి ఉన్నప్పుడు యాప్‌లను నిద్రపుచ్చే డోజ్ అనే ఏర్పాటుని గూగుల్ 2015లో ఆండ్రాయిడ్ 6తో తెచ్చింది. కొన్ని బ్రాండ్ల ఫోన్లు అంతకన్నా కటువుగా ట్రాకింగ్ యాప్‌ని చంపేస్తుంటాయి. అప్పుడు అడ్మిన్ ఏం చేయాలి? ఆ ఒక్క యాప్‌కి మినహాయింపు ఇవ్వాలి. చేసేదేంటంటే, ఎందుకొచ్చిన టెన్షన్ అని మెయిలు, చాట్, డీసీఆర్ (ఏ రోజు ఏ డాక్టర్లని కలిశారో రాసే రిపోర్ట్) యాప్, యాంటీవైరస్, అన్నిటికీ కలిపి అన్‌రిస్ట్రిక్టెడ్, అంటే నిద్రపుచ్చొద్దు అని టిక్ పెట్టేస్తారు. మెసేజ్ రాగానే మోగడానికి ఈ మినహాయింపు అవసరమే లేదు, పుష్ నోటిఫికేషన్ డోజ్‌లో ఉన్న ఫోన్‌ని కూడా లేపగలదు.

వీటన్నిటికన్నా కనిపించని దొంగ ఇంకొకటి ఉంది, ఫెయిలయ్యి మళ్లీ మళ్లీ ప్రయత్నించే యాప్. వైఫై సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉంటుంది, ఆ నెట్‌వర్క్ పరిధిలో ఉన్నంతసేపూ ఫోన్ కలవాలని చూస్తూ ఓడిపోతుంటుంది. పాస్‌వర్డ్ మారి ఉంటుంది, మెయిల్ యాప్ పాతదే పట్టుకుని తలుపు కొడుతుంటుంది. యాప్‌ని అనుమతించి, అది మాట్లాడాల్సిన సర్వర్‌ని మాత్రం ఆఫీసు నెట్‌వర్క్‌కి దారైన వీపీఎన్‌లో బ్లాక్ చేసిన సందర్భాలు కూడా చూశాను. అనుమతించేది ఒక టీమ్, బ్లాక్ చేసేది మరో టీమ్, మధ్యలో ఫోన్. రెప్‌కి ఏమీ కనిపించదు, ఫోన్ జేబులో వేడెక్కుతుంటుంది, అంతే. అందుకే ఒకే ఊళ్లో, ఒకే మోడల్ ఫోన్లలో ఒకటి మాత్రమే ఛార్జింగ్ తినేస్తుంటే బ్యాటరీ మార్చేముందు దాని ఎర్రర్ లాగ్ చూడండి.

డేటా సంగతి ఇంకా అన్యాయం. రోజుకి 1.5 జీబీ ప్యాక్ వేయిస్తాం. అది అయిపోగానే స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, దాంతో డీసీఆర్ పేజీ కూడా తెరుచుకోదు. అయిపోయింది ఎందుకు? డాక్టర్లకి ఫోన్‌లో చూపించే విజువల్ ఎయిడ్‌లో ఒక్క స్లయిడ్ మారిస్తే వీడియోలతో సహా ఫోల్డర్ మొత్తం మళ్లీ దిగుతుంది. అదీ పొద్దున తొమ్మిదింటికి, అందరూ ఫీల్డ్‌లో ఉన్నప్పుడు. ఆ మార్పుని రాత్రి పదింటికి వదిలితే కొంప మునుగుతుందా?

యాప్ అప్‌డేట్లదీ అదే వరస. కంపెనీ ఫోన్లలో ప్లేస్టోర్ మామూలుగా వైఫైలో ఉండి, ఛార్జింగ్ పెట్టి ఉండి, వాడకంలో లేనప్పుడే అప్‌డేట్ చేస్తుంది. చక్కటి పద్ధతి. మనవాళ్లు దాన్ని హై ప్రయారిటీకి మార్చేస్తారు, దాంతో ఎక్కడుంటే అక్కడే మొబైల్ డేటా మీద దిగిపోతుంది. ఇంకొందరు జాగ్రత్తపరులు వైఫైలో మాత్రమే అని పెడతారు, సెక్యూరిటీ పేరుతో కొత్త వైఫై కలుపుకునే సెట్టింగ్‌కి తాళం వేస్తారు! ఇంట్లో వైఫై ఉన్నా ఫోన్ దాన్ని తాకలేదు. రెప్ తన సొంత ఫోన్ హాట్‌స్పాట్ ఇద్దామన్నా కుదరదు.

రెప్‌లు కూడా చేయగలిగింది కొంత ఉంది. డ్యూటీ అయ్యాక బ్యాటరీ వాడకం, డేటా వాడకం రెండు పేజీల స్క్రీన్‌షాట్ తీసి పంపండి. "ఫోన్ బాలేదు సార్" అంటే ఎవరూ పట్టించుకోరు, యాప్ పేరూ గంటలూ కనిపిస్తే తప్పించుకోవడం కష్టం. సొంత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆఫీసు యాప్‌లు వేసుకున్నవాళ్లకి బ్రీఫ్‌కేస్ గుర్తుతో వర్క్ ప్రొఫైల్ ఉంటుంది, సాయంత్రం దాన్ని పాజ్ చేస్తే ఆ యాప్‌లన్నీ ఆగిపోతాయి. మాలాగా పూర్తిగా ఆఫీసే నడిపే కంపెనీ ఫోన్ అయితే ఆ బటన్ ఉండదు, డ్యూటీ ముగిశాక ట్రాకింగ్ ఆపాల్సిన బాధ్యత ఆఫీసుదే. రాత్రి ఎనిమిదింటికి అన్నం తింటున్నవాడి లొకేషన్ మనకెందుకు? మే నెల ఎండలో ఫోన్‌ని బండి హ్యాండిల్ మీద స్టాండ్‌లో పెట్టకండి, వేడికి బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. దానికి ఏ పాలసీ మందు లేదు.

"ట్రాకింగ్ తగ్గిస్తే రెప్‌లు ఇంట్లో కూర్చుంటారు" అని ఒక సీనియర్ మేనేజర్ నాతో వాదించారు. రెండింటికే ఆగిపోయిన ఫోన్ ఎవరిని ట్రాక్ చేస్తుంది సార్? ఐదు నిమిషాలకోసారి లొకేషన్ తీసుకుని సాయంత్రం దాకా బతికిన ఫోన్‌తోనే మీకు ఎక్కువ తెలుస్తుంది. క్లినిక్ దగ్గర డీసీఆర్ పెట్టినప్పుడు ఎలాగూ లొకేషన్ పడుతుంది.

ఇదంతా మార్చడానికి టైము పడుతుందంటే ఒప్పుకుంటాను. అప్పటిదాకా డేటా అయిపోయి రెప్ తన జేబులోంచి వేయించుకున్న బూస్టర్ ప్యాక్ డబ్బులైనా ఇవ్వండి. ఎక్స్‌పెన్స్ షీటులో బస్ టికెట్‌కి కాలమ్ ఉంది, పెట్రోలుకి ఉంది, లాడ్జికి ఉంది. డేటాకి మాత్రం లేదు. అడిగితే "కంపెనీ సిమ్ ఇచ్చాం కదా" అంటున్నారు.