పసుపు రంగు పోయింది, క్రోమియం ఎక్కడికి పోయింది?

ఊకతోనో వేపాకు పొడితోనో ఫ్యాక్టరీ నీళ్లలోని భార లోహాలు చవగ్గా తీసేశారని వార్త వచ్చినప్పుడల్లా నాకు మా కాలేజీ ల్యాబ్ గుర్తొస్తుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం చింతకాయ పెచ్చులు తెచ్చి, కడిగి, ఎండబెట్టి, మిక్సీ పట్టి జల్లించాను. డిస్టిల్డ్ వాటర్‌లో పొటాషియం డైక్రోమేట్ (హెక్సావలెంట్ రూపంలో క్రోమియం ఉండే లవణం) కలిపి, యాసిడ్‌తో పీహెచ్ 2కి దించి, ఆ పసుపు నీళ్లలో చెంచాడు పొడి వేసి షేకర్ మీద పెట్టాను. సాయంత్రం వడగడితే నీళ్లలో రంగే లేదు. క్రోమియం ఉందో లేదో చూడ్డానికి వాడే డైఫినైల్ కార్బజైడ్ వేస్తే రావాల్సిన ఊదా రంగూ రాలేదు. క్రోమియం పోయిందని రికార్డులో రాసేశాను.

పోలేదు. పెచ్చులో టానిన్లలాంటి వగరు పదార్థాలుంటాయి, అవి యాసిడ్‌లో బాగా విషమైన హెక్సావలెంట్ క్రోమియంని ట్రైవలెంట్ అనే ఇంకో రూపంలోకి మార్చేస్తాయి. విషం బాగా తగ్గుతుంది, ఆ మేలు నిజమే. కానీ నేను చేసిన టెస్టుకి హెక్సావలెంట్ ఒక్కటే కనిపిస్తుంది, మారిపోయిన క్రోమియంలో చాలా భాగం నీళ్లలోనే ఉండిపోయి ఉంటుంది. నదుల్లోకి వదిలే నీళ్లకి హెక్సావలెంట్ లీటరుకి 0.1 మిల్లీగ్రాములు, మొత్తం క్రోమియం 2 మిల్లీగ్రాములు అని రెండు పరిమితులు విడిగా పెట్టింది ఊరికే కాదు.

ఈ పొడులు పనికిరావని నేను అనడం లేదు. ఊకలోనూ పెచ్చులోనూ ఉండే కార్బాక్సిల్ గ్రూపులు (లోహాన్ని పట్టుకునే ఆమ్ల గుణమున్న అణు భాగాలు) పీహెచ్ 5 దగ్గర సీసాన్ని, రాగిని గట్టిగానే పట్టుకుంటాయి. నా పేచీ అంతా 'చవక' అన్న మాటతోనే.

వస్తువులకి నికెల్ లాంటి లోహాల పూత వేసే ఒక చిన్న ప్లేటింగ్ షాపు రోజుకి 10,000 లీటర్లు వదులుతుందనుకుందాం, లీటరుకి 50 మిల్లీగ్రాముల నికెల్. అంటే రోజుకి అర కిలో నికెల్. గ్రాము పొడి 10 మిల్లీగ్రాములు పట్టినా రోజుకి 50 కిలోల పొడి కావాలి, నెలకి టన్నున్నర. పైగా మిల్లులో ఊక ఎవరూ ఊరికే ఇవ్వరు, బాయిలర్‌కీ ఇటుక బట్టీకీ అది సరుకే. అదే ముందు సున్నం వేసి నికెల్‌ని బురదగా దించేసి, లీటరుకి మిగిలిన 5 మిల్లీగ్రాములకి మాత్రమే పొడి వాడితే, రోజుకి 5 కిలోలతో సరిపోతుంది. హైదరాబాద్ బాలానగర్ లాంటి చోట ప్లేటింగ్ షాపులకి ఈ పొడి ఉపయోగపడేది ఇలా చివరి మెట్టులోనే అని నా నమ్మకం.

ఇక అసలు ఫ్యాక్టరీ నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌లా ఉండవు. పటాన్‌చెరు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడి (1990) ముప్పై ఏళ్లు దాటింది. అక్కడి మందుల కంపెనీల నీళ్లలో లోహాలతో పాటు విపరీతంగా ఉప్పు, సాల్వెంట్లు ఉంటాయి. పొడి మీద ఉన్న చోటు కోసం నీళ్లలోని కాల్షియం కూడా లోహాలతో పోటీకొస్తుంది, ల్యాబ్‌లో వచ్చిన శాతం అక్కడ రాదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది వాడేసిన పొడి. ఆ రోజు ఫిల్టర్ పేపర్ మీద మిగిలిన పొడిని నేను సింకులో కడిగేశాను, ఎవరూ అడగలేదు. లోహం మూలకం, కుళ్లదు, కాలిపోదు. ఆ పొడిని బట్టీలో వేస్తే లోహం బూడిదలో మిగులుతుంది, కాడ్మియం, సీసం లాంటివైతే పొగతో కూడా లేస్తాయి. దాన్ని దుండిగల్‌లోనో పరవాడలోనో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి డబ్బు కట్టి పంపాలి, లేదా యాసిడ్‌తో కడిగి లోహాన్ని వెనక్కి తీయాలి. ఈ ఖర్చు కలపకుండా వేసిన లెక్క లెక్కే కాదు.

ఇప్పటికైనా ఈ ప్రాజెక్టులకి గ్రాంటు ఇచ్చేవాళ్లు మూడు అడగాలి: ఫ్యాక్టరీ కాలువలోంచి తెచ్చిన నీళ్లతో చేశారా, మొత్తం లోహం కొలిచారా, వాడిన పొడిని ఏం చేశారు. మూడోదానికి జవాబు లేని ప్రాజెక్టుకి డబ్బు ఇవ్వకూడదు.