మామగారి ఓటీపీ

ఆదాయపు పన్ను రిటర్ను వెయ్యడంలో ఏముందండీ, మంచినీళ్లు తాగినంత తేలిక అని 2024 జూలైలో మా ఆఫీసులో కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. అడిగినవాళ్లకి చెప్పాను, అడగనివాళ్లకి ఇంకాస్త వివరంగా చెప్పాను. జీతం, ఒక ఇల్లు, బ్యాంకు వడ్డీ, మొత్తం కలిపి యాభై లక్షల లోపు అయితే ఐటీఆర్-1 అనే ఫారం, దాని ముద్దుపేరు సహజ్, అది చాలు. షేర్లు అమ్మి లాభం చూసిన మా పక్క సీటాయన కూడా సహజ్‌లోనే దూరబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, మీది ఐటీఆర్-2 అని దారి మళ్లించాను. ఆయన జూలై 8న వేసేసి, వేసింది తనేనని వెరిఫై కూడా చేసేసి, నాకు టీ పోయించాడు. అప్పటికి నేను నా రిటర్ను మొహం కూడా చూడలేదు.

ఎప్పుడు వెయ్యాలి అంటే నా ఉపన్యాసం ఒకటే. జూన్ 15కల్లా కంపెనీ మన జీతం, అందులో కోసిన పన్ను లెక్క ఉండే ఫారం 16 ఇవ్వాలి, ఇచ్చిన వారంలో వేసెయ్యండి, జూలై 31 దాకా ఆగకండి. నా ఫారం 16 జూన్ 12నే వచ్చింది. ఆదివారం కూర్చుందాం అనుకున్నాను. ఆ ఆదివారం చుట్టాలొచ్చారు. ఇంకో ఆదివారం నిద్రొచ్చింది. జూన్ 29 శనివారం మనవాళ్లు టీ20 ప్రపంచకప్ గెలిచారు, మర్నాడు ఆదివారమంతా ఆ బౌండరీ దగ్గర పట్టిన క్యాచ్ మళ్లీ మళ్లీ చూడ్డానికే సరిపోయింది. జూలై ఆదివారాలు ఏమయ్యాయో నాకిప్పటికీ లెక్క తేలలేదు. పైగా లోపల ఒక మొండి ధైర్యం: గడువు పొడిగిస్తార్లే, కరోనా రెండేళ్లూ పొడిగించారు కదా! 2024లో పొడిగించలేదు.

జూలై 24న ఆదాయపు పన్ను దినోత్సవం అని ఆఫీసు గ్రూపులో ఎవరో పూలగుత్తి బొమ్మ పెడితే నేను ఊరుకుంటానా, చరిత్ర కూడా చెప్పాను. 1857 తిరుగుబాటు తర్వాత ఖజానా ఖాళీ అయితే జేమ్స్ విల్సన్ అనే దొర వచ్చి మనకి బడ్జెట్‌నీ ఆదాయపు పన్నునీ పరిచయం చేశాడు, 1860 జూలై 24న పన్ను అమల్లోకి వచ్చింది, ఆగస్టు 11న ఆయన కలకత్తాలో రక్తవిరేచనాలతో పోయాడు. అంటే తను పెట్టిన పన్నుని మూడు వారాలు కూడా చూడకుండా వెళ్లిపోయి, మిగతాది మన నెత్తిన పెట్టాడన్నమాట. గ్రూపులో పద్నాలుగు లైకులొచ్చాయి. ఆ టైములో రిటర్ను వేసుకుని ఉంటే ఈ కథ లేదు.

సరే, జూలై 31, బుధవారం. ఆ ఒక్కరోజే దేశం మొత్తం మీద 69.92 లక్షల రిటర్నులు పడ్డాయని, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది మధ్య ఒక్క గంటలోనే 5.07 లక్షలు పడ్డాయని తర్వాత ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆ గంటలో నేను పాస్‌వర్డ్ వెతుక్కుంటున్నాను. పాత డైరీలో దొరికింది గానీ అందులో చివర ఉన్నది సున్నానా, ‘ఓ’ అక్షరమా అన్నది తేల్చడానికి ఇంకో అరగంట పట్టింది. ఈలోగా మా ఆవిడ భోజనానికి రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవడం మానేసింది.

లోపలికి వెళ్లాక నిజంగానే తేలిక, నేను చెప్పింది అబద్ధం కాదు. సంపాదించింది 2023-24లో, దానికి పన్ను లెక్కగట్టే ఏడాది, అంటే అసెస్‌మెంట్ ఇయర్, 2024-25. వంట నిన్నటిది, వడ్డన ఇవాళ, అంతే తేడా. జీతం వివరాలన్నీ ముందే నింపి ఉన్నాయి. 26ఏఎస్ అనే చిట్టాలో టీడీఎస్, అంటే డబ్బు మన చేతికి రాకముందే కోసేసిన పన్ను, కనబడుతుంది, ఏఐఎస్ అనే ఇంకో చిట్టాలో మన వడ్డీలూ డివిడెండ్లూ అన్నీ ఉంటాయి. నేను ఆ చిట్టా తెరిచిన క్షణానికే మా ఆవిడ పళ్లెం తెచ్చి వెనక నిలబడింది. అందులో ఏదో బ్యాంకులో సేవింగ్స్ వడ్డీ 317 రూపాయలు అని ఒక వరస ఉంది. “ఇదెక్కడి ఖాతా?” అంది. పెళ్లికి ముందుది, మర్చిపోయాను అన్నాను. అలాంటి ఖాతా ఒకటుందని మా ఆవిడకి పదకొండేళ్లుగా తెలియదు, ప్రభుత్వానికి మాత్రం 317 రూపాయలతో సహా తెలుసు. దాని మీద విచారణ పదకొండు గంటల దాకా సాగింది, ఆ భాగం వదిలేద్దాం.

ముఖ్యమైంది రిఫండు. నాన్నగారి పొలంలో నా వాటాకి వచ్చిన డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది. దాని వడ్డీ 62,400. నలభై వేలు దాటింది కాబట్టి బ్యాంకువాళ్లు పది శాతం, అంటే 6,240 రూపాయలు, టీడీఎస్ కింద కోసేశారు. కొత్త పన్ను పద్ధతిలో జీతగాళ్లకిచ్చే యాభై వేల తగ్గింపు, అదే స్టాండర్డ్ డిడక్షన్, పోగా నా మొత్తం ఆదాయం ఏడు లక్షల లోపే, రిబేటు అనే మాఫీతో పన్ను సున్నా. అంటే ఆ 6,240 మొత్తం వెనక్కి వస్తుంది. తెర మీద ఆకుపచ్చ రంగులో ఆ అంకె కనబడగానే, పళ్లెంలో చల్లారిపోయిన అన్నం కూడా రుచిగా అనిపించింది.

పదకొండూ నలభైకి సబ్మిట్ నొక్కాను. అప్పుడు అడిగింది: ఇప్పుడే ఇ-వెరిఫై చేస్తారా, తర్వాత చేస్తారా, లేక సంతకం పెట్టిన కాగితం బెంగళూరుకి పోస్టులో పంపుతారా? ఇప్పుడే అనబోయాను. ఆధార్ ఓటీపీ వస్తుందట. ఎక్కడికి వస్తుంది? ఆధార్‌కి లింకైన ఫోనుకి. ఆ ఫోను ఎవరిది? మా మామగారిది!

ఇక్కడ చిన్న వెనకటి కథ. పెళ్లయిన మొదటి సంక్రాంతికి అత్తారింటికి వెళ్లినప్పుడు నా ఫోను బావిగట్టు మీంచి బావిలోకి వెళ్లిపోయింది. అదే వారంలో ఆ ఊళ్లో ఆధార్ సెంటర్ ఖాళీగా ఉందంటే ఇంటి అడ్రసు మార్పించుకోవడానికి వెళ్లాం. ఫోన్ నంబరు చెప్పండి అన్నాడు అక్కడి కుర్రాడు. నేను నోరు తెరిచేలోపే మామగారు, “మాది రాసుకో బాబూ, మావోడే” అన్నారు. అల్లుడంటే అంత అభిమానం. తర్వాత మార్పిద్దాం అనుకున్నాను. ఆ తర్వాత రాలేదు, పదకొండేళ్లు మాత్రం గడిచాయి.

రాత్రి పదకొండూ నలభైకి పల్లెటూళ్లో మామగారికి ఫోన్ చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఆ టైములో ఫోన్ మోగిందంటే ఎవరో పోయారనే అర్థం. అత్తయ్యగారు ముందు ఏడుపు మొదలుపెట్టి, తర్వాత ఎవరో కనుక్కుంటారు. అందుకని పెద్దమనసు చేసుకుని ‘ఇ-వెరిఫై లేటర్’ నొక్కాను. ముప్పై రోజుల్లోపు చెయ్యాలి అని సైటు ఏదో అంది. ముప్పై రోజులా, రేపు పొద్దున్నే చేసేస్తాను అన్నాను, నాలో నేనే. పడుకునే ముందు ఆఫీసు గ్రూపులో “వేసేశా, ఇరవై నిమిషాల ముందు” అని పెట్టాను. పొద్దున్న లేచేసరికి లైకులున్నాయి, వెరిఫికేషన్ సంగతి లేదు.

ఆగస్టులో రెండు మెయిళ్లు వచ్చాయి, మీ రిటర్ను ఇంకా వెరిఫై చెయ్యలేదు అని. ఇంకొకడైతే తెరిచి చూసేవాడు. నేను సైబర్ మోసాల మీద ఆఫీసులో గంటన్నర మాట్లాడిన మనిషిని. “రిఫండు ఆశ చూపి లింకు నొక్కమంటారు, అస్సలు నొక్కొద్దు, డిలీట్ చేసెయ్యండి” అని స్లయిడ్ వేసి మరీ చెప్పాను. ఇవి చూడగానే నా తెలివికి నేనే మురిసిపోయి రెండూ డిలీట్ చేశాను. లింకు నొక్కక్కర్లేదు సరే, సైటు అడ్రసు నేనే కొట్టుకుని లోపలికెళ్లి ఒకసారి చూసుకోవచ్చు కదా? అది నా స్లయిడ్లలో లేదు.

సెప్టెంబరు, అక్టోబరు. పక్క సీటాయనకి రిఫండు ఎప్పుడో పడిపోయింది, ఆ డబ్బుతో కుక్కర్ కూడా కొన్నాడు. నాది పడలేదేం అని ఎవరైనా అడిగితే, కొన్ని ఫైళ్లు లోతుగా చూస్తారండీ అని గంభీరంగా అనేవాణ్ణి. నవంబరు మూడో వారంలో మా ఆవిడ, “317 రూపాయల సంగతి తెలిసినవాళ్లకి మీ 6,240 సంగతి తెలియకపోవడం ఏంటి?” అంది. ఆ లాజిక్‌కి జవాబు లేక సైటు తెరిచాను. ఎర్రగా ఉంది: వెరిఫికేషన్ పెండింగ్.

ఏనుగంతా వెళ్లి తోక దగ్గర చిక్కుకోవడం అంటే ఇదే కాబోలు. ఆగస్టు 30తో నా ముప్పై రోజులూ అయిపోయాయి. ఆ తర్వాత ఎప్పుడు వెరిఫై చేస్తే, ఆ రోజే రిటర్ను వేసినట్టు లెక్క. అంటే జూలై 31 రాత్రి నేను పడ్డ పాట్లన్నీ గాలికి పోయాయి, నాది ఇప్పుడు ఆలస్యపు రిటర్ను. దానికి ఫీజు ఆదాయం ఐదు లక్షలు దాటితే ఐదు వేలు, దాటకపోతే వెయ్యి. నాది దాటింది. జీవితంలో మొదటిసారి జీతం తక్కువైతే బాగుండేది అనుకున్నాను. పాత పన్ను పద్ధతి ఎంచుకుని అద్దె రసీదులూ బీమా కాగితాలూ కూడబెట్టుకున్నవాళ్లయితే గడువు దాటాక ఆ పద్ధతే దక్కదు, నేను ఆ గండం ఒక్కటీ తప్పించుకున్నాను. డిసెంబరు 31 దాటితే ఆలస్యపు రిటర్నుకీ తలుపు మూసేస్తారు. ఇక మామగారే దిక్కు.

“మామయ్యగారూ, మీ ఫోనుకి ఒక ఓటీపీ వస్తుంది, కొంచెం చెప్తారా?”

అవతల చాలాసేపు చప్పుడు లేదు.

“ఎవరండీ మీరు?”

“నేను మామయ్యగారూ, అల్లుణ్ణి.”

“మా అల్లుడుగారు అలా అడగరండీ. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు, నేనడిగినా చెప్పొద్దు అని ఆయనే చెప్పి వెళ్లారు.”

చెప్పాను. ఆ దసరాకే చెప్పాను. అరుగు మీద కూర్చోబెట్టి, కాఫీ తాగుతూ, నలుగురి ముందు చెప్పాను.

“నంబరు నాదే కదా మామయ్యగారూ, చూడండి!”

“నంబరు మీదే కనపడుద్ది, గొంతు కూడా మీదే వినపడుద్ది, అయినా నమ్మొద్దు అన్నారు కదండీ అల్లుడుగారు.” ఆయన మాటల్లో ఎక్కడా తప్పు లేదు, నా స్లయిడ్ నాకే చదివి వినిపిస్తున్నారు. “మీరు నిజంగా మా అల్లుడుగారైతే, అలకపాన్పు మీద ఏం అడిగారో చెప్పండి.”

ఎదురుగా మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. స్పీకరు ఆన్‌లో ఉంది.

“...బుల్లెట్ బండి.”

“ఏం ఇచ్చాం?”

“చేతి గడియారం.”

“ఆ గడియారం ఇప్పుడెక్కడుంది?”

అది నేను ఆఫీసులో ఒకాయన రిటైర్మెంటుకి బహుమతిగా ఇచ్చేశానని మా ఆవిడకి అప్పటిదాకా తెలియదు. పాత ఖాతా తర్వాత ఇది రెండో ఘనకార్యం. ఆమె చిక్కుడుకాయ పక్కన పెట్టి, ఫోను అందుకుని, “నాన్నా, ఈయనే, చెప్పెయ్” అంది. ఆయన ఒక్క క్షణం ఆగి, “ఈ మధ్య ఆడవాళ్ల గొంతు కూడా పెడుతున్నారంటమ్మా” అన్నారు.

ఈ విచారణ అయ్యేసరికి ఓటీపీ గడువు అయిపోయింది. మళ్లీ పంపాను. ఆయనది బటన్ల ఫోను, కాల్ కట్ చేస్తే గానీ మెసేజ్ చూడలేరు, చూస్తే గానీ చెప్పలేరు, చెప్పాలంటే మళ్లీ ఫోన్ చెయ్యాలి, చేసేలోపు అంకెలు మర్చిపోతారు. మూడోసారికి అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని క్యాలెండరు వెనక రాసి చదివారు. “సిక్సూ, సున్నా, ఏడు... ఏడో ఒకటో మరి...” ఏడే. వెరిఫై అయింది.

నెల తిరక్కుండా 143(1) సెక్షన్ కింద ఇంటిమేషన్ మెయిల్, అంటే పన్నువాళ్లు మన రిటర్ను లెక్క తేల్చి పంపేది, వచ్చింది. దాని పాస్‌వర్డు మన పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, వెనకే పుట్టిన తేదీ. పెద్ద అక్షరాలు కొట్టి కొట్టి, ఇది కూడా మోసమే అని డిలీట్ చెయ్యబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. తెరిచాం. రిఫండు 6,240, ఫీజు 5,000, చేతికొచ్చేది 1,240.

ఆ ఏడుపు పక్క సీటాయనకి చెప్పుకుంటే, ఆయన టీ చప్పరిస్తూ, “ఆధార్ ఓటీపీయే ఎందుకండీ, రిఫండు కోసం బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ చేశారు కదా, దాని ద్వారానే కోడ్ తెప్పించుకుంటే మీ ఫోనుకే వచ్చేది. నేనలాగే చేశాను” అన్నాడు. జూలై 8న చేశాడు కదా, అప్పుడే చెప్పొచ్చు. కానీ అప్పుడు మాట్లాడే అవకాశం ఆయనకి నేనెక్కడ ఇచ్చాను?

ఆధార్‌లో నంబరు ఇంకా మార్పించలేదు, ఒక ఆదివారం చూసుకుని వెళ్లాలి. మామగారు మాత్రం పద్ధతి మార్చుకున్నారు. ఇప్పుడు ఆయన ఫోనుకి ఏ అంకెలొచ్చినా అల్లుడికి మాత్రం చెప్పాలి, ఇంకెవరికీ చెప్పకూడదు అని నిర్ణయించుకుని, పొద్దున్నే అయిదింటికైనా ఫోన్ చేసి చదివి వినిపిస్తున్నారు. మొన్న గ్యాస్ బండ కోడు నాకు రెండుసార్లు చదివి, గుమ్మంలో బండ భుజాన వేసుకుని నిలబడ్డ కుర్రాడికి మాత్రం చచ్చినా చెప్పనన్నారట. బండ వెనక్కి వెళ్లిపోయింది. అత్తయ్యగారు రెండ్రోజులు కట్టెల పొయ్యి మీద వండి, మూడోరోజు నాకు ఫోన్ చేశారు.